కాళ్ల గురించే అడిగాను

బైక్ మీద నుంచి పడ్డాక లేవబోయాను. ఛాతీ కింద ఒళ్లు ఉందో లేదో తెలియలేదు. కాళ్లకు నొప్పి కూడా లేదు. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆపరేషన్ తర్వాత డాక్టర్ దూదితో, గుండుసూదితో మెడ నుంచి కిందికి తాకుతూ వచ్చారు. చనుమొనల వరస దాటాక ఏమీ తెలియలేదు. చివర్లో మలద్వారం దగ్గర కూడా చూశారు. వెన్నుపాములో అట్టడుగు నరాలు వెళ్లేది అక్కడికే. అక్కడ కాస్త స్పర్శ గానీ, బిగించే శక్తి గానీ మిగిలి ఉంటే గాయం అసంపూర్ణం అంటారు. నాకు మిగల్లేదు. టీ4 దగ్గర, అంటే ఛాతీ భాగంలో వెన్నుపాము నాలుగో స్థాయిలో, సంపూర్ణ గాయం అని రాశారు. వెన్నుపూస అతుక్కుంటే లేచి నడుస్తాననుకున్నాం. ఎముక అతుక్కుంది, లోపలి వెన్నుపాము అతుక్కోలేదు.

"నడుస్తానా?" అని రోజూ అడిగేవాణ్ణి. మూత్రం గురించి, చర్మం గురించి నర్సు చెబుతుంటే సగమే విన్నాను.

కొన్ని వారాలు కాళ్లు మెత్తగా పడి ఉన్నాయి. ఒక ఉదయం అమ్మ దుప్పటి తీస్తుంటే కుడి కాలు ఎగిరిపడింది. అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. దెబ్బకు మొద్దుబారిన వెన్నుపాము కింది భాగం తేరుకుని, మెదడు అదుపు లేకుండా తనంతట తానే స్పందిస్తోందని, దీన్ని స్పాస్టిసిటీ అంటారని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. కాలు ఎగరడానికి, నడక రావడానికి సంబంధం లేదు. ఆ మాట విన్నాక అమ్మ ముఖం చూడలేకపోయాను.

ఇంటికొచ్చిన మూడో రాత్రి తల పగిలిపోతుందేమో అన్నంత నొప్పి. ముఖమంతా చెమటలు. బీపీ చూస్తే పైది 190, నాకు మామూలుగా 100 దగ్గరే ఉంటుంది. తమ్ముడు కంగారులో నన్ను పడుకోబెట్టబోయి, డిశ్చార్జి అప్పుడు చెప్పింది గుర్తొచ్చి నిటారుగా కూర్చోబెట్టాడు. బట్టలు వదులు చేశాడు. వెతికితే యూరిన్ ట్యూబు నా తొడ కింద మడతపడి ఉంది. దాన్ని సరిచేసిన కొన్ని నిమిషాలకు నొప్పి దిగింది.

మూత్రాశయం నిండినా ఆ కబురు మెదడుకు చేరదు. గాయం కింద రక్తనాళాలు మాత్రం బిగుసుకుపోయి బీపీ పెరుగుతుంది. వాటిని వదులు చేయమని మెదడు పంపే ఆదేశం గాయం దాటి కిందికి రాదు. దీని పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. ముఖ్యంగా టీ6, ఆపై గాయాలున్నవాళ్లకు వస్తుంది. కారణం తీసేయకపోతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. ట్యూబు మడతే కాదు, మలబద్ధకం, పుండు, లోపలికి పెరిగిన కాలిగోరు కూడా దీన్ని తెప్పించగలవు.

ఆ రాత్రి తర్వాత నర్సు మాటల్లో విననిదంతా మళ్లీ అడిగి నేర్చుకున్నాను. ఇప్పుడు 4 నుంచి 6 గంటలకోసారి కెథెటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) నేనే వేసుకుని, మూత్రం పోయాక తీసేస్తాను. వీల్‌చైర్‌లో ఉన్నప్పుడు ప్రతి 15, 20 నిమిషాలకు బరువు మారుస్తాను. రాత్రి అద్దం పెట్టి పిరుదులు చూసుకుంటాను. ఒకసారి ప్యాంటు వెనక జేబు కుట్టు అచ్చు ఎర్రగా కనిపించి, తగ్గేదాకా రెండు రోజులు వీల్‌చైర్ ఎక్కలేదు.

ఆమధ్య జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్తే, 120 బీపీ నార్మలేనన్నారు డ్యూటీ డాక్టర్. నాకు అది ఎక్కువని వివరించాల్సి వచ్చింది. అందుకే ఒక కార్డు రాసి వీల్‌చైర్ సంచిలో పెట్టుకున్నాను: "గాయం టీ4. మామూలు బీపీ 100. తలనొప్పి, చెమటలు వస్తే కూర్చోబెట్టండి, ముందు మూత్రాశయం నిండిందేమో చూడండి."