మాస్కు పగలే అలవాటు చేయాలి
డిమెన్షియా ఉన్న పెద్దాయనకి రాత్రి పదింటికి కొత్తగా సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే మిషన్) మాస్కు తగిలిస్తే పీకి పారేస్తారు. మొహం మీద అదేంటో గుర్తుండదు మరి. పగలే, టీవీ ముందు, మిషన్ లేకుండా మాస్కు ఆయన చేతికే ఇవ్వండి, ఐదు నిమిషాలు చాలు. తర్వాత గొట్టం తగిలించి, ర్యాంప్ ప్రెషర్ (గాలి ఒత్తిడి మెల్లగా పెరిగే సెట్టింగు) మిషన్‌లో 4 దగ్గర మొదలయ్యేలా పెట్టి, మధ్యాహ్నం కునుకులో. పట్టీలు మరీ బిగిస్తే లీకు ఆగదు సరికదా, ముక్కు మీద పుండు పడుతుంది. పడుకోబెట్టి, గాలి వస్తుండగానే సర్దాలి.

మన చెన్నై ఉక్కకి ఏసీ తప్పదు. గది చల్లబడేసరికి గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటాయి. మొహం మీద చుక్క పడిందా, ఆ రాత్రికి అంతే! మిషన్‌లో గాలికి తేమ కలిపే సెట్టింగు తగ్గించి, గొట్టానికి గుడ్డ తొడుగు వేయండి. మాస్కు సొంతంగా తీసుకోలేని మనిషికి నోరూ ముక్కూ కప్పే రకం మాత్రం డాక్టర్ని అడక్కుండా పెట్టొద్దు, వాంతి అయితే ప్రమాదం.