నాపబండల మీద హెరాల్డు

ఆదివారం పూట బావకు ఏమీ తోచదనీ, తోచకపోతే ఆయన కాళ్లు మా ఇంటి వైపే లాగుతాయనీ మీకు తెలియంది కాదు. ఈ రోజు ఆయన వచ్చేసరికి నేను నాన్న పాత కారు హెరాల్డు వెనక చక్రాల నట్లు వదులు చేస్తున్నాను. బండి ఇంకా నేల మీదే ఉంది. "ఎత్తకుండానే నట్లు తిప్పుతావేమబ్బీ?" అన్నాడు. తిప్పాల్సింది అప్పుడే. చక్రం నేలను కరుచుకుని ఉండగానే బిగువు వదలగొట్టాలి. గాల్లోకి లేపాక స్పానరు మీద ఒళ్లు వాల్చితే బండి మొత్తం ఊగుతుంది. ఇంత చెబితే విన్నాడా? కుర్చీ వేయమన్నాడు.

ఒళ్లు మండించింది ఇది కాదు. దీనికి అలవాటు పడిపోయాం.

కుడి వెనక చక్రం లోపల బ్రేక్ ఆయిల్ కారుతున్న సంగతి పోయిన వారం రాశాను కదా. చక్రంలో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ విప్పి చూడాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క ముక్కలు దన్నుగా పెట్టాను. "హ్యాండ్ బ్రేకు వేశావుగా, ఇవెందుకు?" అని బావ. ఈ బండి హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఆ వెనక భాగాన్నే గాల్లోకి ఎత్తుతుంటే అది పట్టుకోవడానికి ఏం మిగిలింది? సరే అన్నట్టు తలాడించి, ఎత్తిన బండిని ఆనించే స్టాండ్ల సంగతికి వచ్చాడు. జాకీ 2 టన్నులదట, బండి చూస్తే దాదాపు 800 కిలోలట, మధ్యలో ఈ ఇనుప ముక్కాలిపీటలు దేనికట. "ఏం కాదులే" అన్నాడు. ఎన్నిసార్లన్నాడో! జాకీ మీద రాసేది అది ఎంత ఎత్తగలదో మాత్రమే. ఎత్తాక ఆ బరువంతా లోపలి నూనె మీద ఉంటుంది, ఆ నూనెను ఆపేది ఒక చిన్న రబ్బరు సీలు. అది ఏ నిమిషాన చచ్చుబడుతుందో ముందుగా చెప్పదు.

"పోనీ, మా ఫ్యాక్టరీ నుంచి నాలుగు బండలు పంపిస్తా, పేర్చుకో. ఇంటిని మోసే రాయి, నీ డబ్బాను మోయదా?" ఇదీ ఆ తరువాతి మాట. ఆయనకు ఎర్రగుంట్లలో నాపరాయి పాలిష్ పని. కాబట్టి లోకంలో ఏ చిక్కుకైనా నాపరాయే మందు. నున్నగా పాలిష్ పట్టిన బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద బండి నిలబెట్టి, కింద నేను పడుకోవాలి! ఒకటి జారితే? పొర ఊడితే? కింద దూరేది ఆయనైతే ఆ మాట అనేవాడా?

నాన్న ఉండి ఉంటే ఆ కుర్చీ వేయనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో కోవా కొనుక్కుని ఘాట్ రోడ్డు దిగుతుంటే వెనక టైరు పోయింది. పొట్లం నా ఒళ్లో ఉంది. నాన్న అక్కడికక్కడే జాకీ తీశాడు. వెనకాలే వచ్చిన లారీ డ్రైవరు దిగి, వద్దన్నాడు. "వాలులో ఎత్తితే బండి మన మీదికే వస్తుంది సార్. మెల్లగా మలుపు దాకా పోనీయండి, అక్కడ చదునుగా ఉంది." టైరు నలిగిపోతుందని నాన్న గొణిగాడు. కొత్త టైరంటే ఆ రోజుల్లో మాటలా మరి. నలగనీయండి అన్నాడు ఆయన. మలుపు దగ్గర క్లీనరు చక్రాలకు రాళ్లు పెట్టాడు. జాకీతో ఎత్తీ ఎత్తగానే డ్రైవరు స్టెప్నీని పడుకోబెట్టి ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, కిందికి తోశాడు. పోయిన చక్రం విప్పాక దాన్ని కిందికి తోసి, అప్పుడు స్టెప్నీని ఇవతలికి లాగాడు. బండి కింద ఏదో ఒక చక్రం లేకుండా ఒక్క క్షణం కూడా గడవనివ్వలేదు. ఏమీ జరగలేదు, జాకీ అంగుళం కూడా కదల్లేదు. పని అయ్యాక ఆ రాళ్లను రోడ్డు మీద వదలకుండా అవతల పారేయించాడు. ఈ కాలంలో ఆ ఒక్క పని చేసేవాడు కనబడడు. రాత్రిపూట రోడ్డు మధ్య ఆ రాళ్లకు గుద్దుకునే మోటారు సైకిళ్ల గురించి మొదలుపెడితే ఈ టపా తెల్లారినా అవదు. కోవా ఆయనకు సగం ఇచ్చేశాడు నాన్న. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎక్కడున్నాను? బావ.

ఆయన్ను తిట్టడానికే కూర్చున్నాను గానీ, రాస్తుంటే అసలు జరిగింది గుర్తొస్తోంది. నేను బండల ఉపాయం కొట్టిపారేసి స్టాండ్లు సర్దుతుంటే, కుర్చీలోంచి లేచి నా పెట్టెలోని సుత్తి తీసుకున్నాడు. గొంతుకు కూర్చుని, పిడి వైపుతో మా వాకిటి బండలను ఒక్కొక్కటే తట్టుకుంటూ వెళ్లాడు. ఖంగుమన్నదాన్ని వదిలేశాడు. కుడి స్టాండు పెట్టబోయిన చోట బోలుగా మోగింది. సుద్దతో గీత గీశాడు. అడుగున ఇసుక పరిచి వేసిన బండలు ఇవి. ఏళ్ల తరబడి వాన నీళ్లకు, చీమలకు ఆ ఇసుక జారిపోయి కింద గుల్ల పడుతుందట. అడుగంతా ఆనుకుని ఉన్నంతవరకు నాపరాయి ఎంతైనా మోస్తుంది, గుల్ల మీద బరువు ఒకే చోట పడితే పలకలా విరుగుతుంది. టైరు బరువును పరుస్తుంది కాబట్టి ఇన్నాళ్లు తెలియలేదు, స్టాండు కాళ్లు అలా కాదు. చెక్క పలక వేస్తానన్నాను. "గుల్ల మీద పలకేం చేస్తుంది, చోటు మార్చు" అన్నాడు. మరి ఇంటిని మోసే రాయి అన్నావే అంటే, అది వేరు ఇది వేరు అట.

బండిని గేటు వైపు తోశాం. నేనూ మా వాడూ తోశాం, బావ చెయ్యి ఊపాడు. అక్కడ అన్నీ ఖంగుమన్నాయి. ట్రాలీ జాకీ ఎత్తేటప్పుడు దాని చక్రాలు కొద్దిగా ముందుకు దొర్లాలి, బండల మధ్య సందులో ఇరుక్కుంటే అది బండినే పక్కకు గుంజుతుంది. అందుకని సందులు తప్పించి పెట్టాను. ఛాసిస్ పట్టీకీ జాకీకీ మధ్య చెక్క. ఛాసిస్ నుంచి పక్కలకు చాచి ఉన్న ఇనుప కొమ్మల జోలికి పోలేదు, పాత హెరాల్డులో తుప్పు ముందు తినేది వాటినే. స్టాండ్ల మీదికి దించాక భుజంతో గట్టిగా నెట్టి చూసి, విప్పిన చక్రాన్ని కూడా లోపలికి తోసి, అప్పుడు దూరాను.

మా వాడు దీన్ని స్పోర్ట్స్ కారంటాడు, బావ పగలబడి నవ్వుతాడు. వాడిదీ పూర్తిగా తప్పు కాదు. 1959లో ఇంగ్లండులో వచ్చిన ఈ ట్రయంఫ్ హెరాల్డు ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. రెంటికీ గీతలు గీసింది ఇటలీ వాడైన మికెలొట్టి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాళ్లు 1961 నుంచి చేసిన హెరాల్డు దాని అన్న అవుతుంది, అంతే. వెనక ఇరుసు తీరు కూడా ఒకటే. ఎత్తగానే కోడిని రెక్కలు పట్టి లేపినట్టు వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దించాక కూడా నాలుగడుగులు దొర్లించేదాకా అలాగే ముడుచుకుని, బండి పిర్ర ఎత్తి నిలబడుతుంది.

సిలిండర్‌లో రబ్బరు వాచిపోయింది. కొత్తది చెన్నై పుదుపేటలో వెతికించాలి. అందాకా స్టాండ్ల మీద ఉంచడం ఇష్టం లేక చక్రం బిగించి దించేశాను. ఆ పిర్ర ఎత్తిన అవతారాన్ని బావ ఫోటో తీసి అక్కకు పంపాడు. ఇందాక తొమ్మిదింటికి అక్క ఫోను. "నాన్న బండి విరగ్గొట్టావటగా?" ఇరుసు సంగతి మొదటి నుంచీ చెప్పాను. అంతా విని, "మీ బావ అక్కడ లేకపోతే ఏమయ్యేదో" అంది.