ముడి పడిన జపమాలతో నిర్మలగిరికి

కాళ్ళ బొబ్బలు ఎండాయి గానీ పక్కులు ఇంకా రాలలేదు. ఈస్టరుకి ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం నిన్ననే అయింది. గౌరీపట్నంలో నిర్మలగిరి కొండ మీది మరియమాత దగ్గరికి నడిచెళ్ళొచ్చాను. మనసులో ఆ వేడి చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

మాది పెనుగొండ దగ్గర చిన్న ఊరు. మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడికి తాళం పడి పది నెలలైంది. ఫాదర్‌గారి బదిలీ దగ్గర మొదలైన మాట కమిటీ లెక్కల మీదికి పోయింది. అక్కణ్ణుంచి రెండు పేటల మధ్య ఎప్పట్నించో నలుగుతున్న కులం పట్టింపు మీదికి పోయింది. ఒకరు వేసిన తాళం మీద ఇంకొకరు తాళం వేశారు. ఆ రోజు తోపులాటకి అడ్డం వెళ్ళిన నాన్నగారి చేతిలో జపమాల తెగిపోయింది. మట్టిలో పూసలు ఏరుకొచ్చి వల అల్లే నైలాన్ దారానికి గుచ్చుకున్నారు. ఒక్క పూస దొరకలేదు. జపమాలలో పదేసి పూసల వరసలు ఐదు, ఒక్కో వరసని పది అంటాం. ఆయన జపమాలలో నాలుగో పదిలో తొమ్మిదే ఉంటాయి. పదోదాని చోట ముడి వేశారు.

మా పేటలో సగం మంది మరియమ్మకి జపాలు చెప్పని వేరే సంఘాల ప్రార్థన మందిరాలకి వెళ్ళిపోయారు. మొన్నటిదాకా నా పక్కన కూర్చుని జపమాల చెప్పినవాళ్ళే ఇప్పుడు మరియమ్మ పేరెత్తితే విగ్రహారాధన అంటున్నారు. నేను అక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడా నిలబడలేదు. నాన్నగారు ప్రతి ఆదివారం ఆటో ఎక్కి పక్కూరు గుడిలో పూజకి వెళ్ళేవారు. రమ్మంటే నేను రానన్నాను. కొట్టుకునేవాళ్ళు పెట్టే సత్ప్రసాదం నాకొద్దు అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నా గుండె కలుక్కుమంటుంది.

జనవరిలో ఆయనకి రెండు ఊపిరితిత్తులకీ నిమ్ము చేసింది. ఐసీయూ బయట మూడో రాత్రి, ఏడెనిమిది నెలలుగా పలకని నోటితో "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మంగళవార్త జపం మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాను. నాన్నగారు ఇంటికొస్తే నీ కొండకి నడిచొస్తాను తల్లీ అని మాత్రం అనుకున్నాను. ఆయన ఇంటికొచ్చారు. ఇంకో వారం గడిచిందో లేదో, 2025 ఫిబ్రవరి 14న ఫ్రాన్సిస్ పోపుగారు ఆసుపత్రిలో చేరారు. ఆయనకీ రెండు ఊపిరితిత్తులకీ నిమ్మే. "మా ఇద్దరిదీ ఒకటే జబ్బే" అని నాన్నగారు రోజూ ఆయన కోసం జపమాల చెప్పేవారు, దగ్గుతూనే.

మార్చి 23 ఆదివారం సాయంత్రం బయల్దేరదామని సంచీ సర్దుకుంటుంటే నాన్నగారు ఫోను పట్టుకుని కేకేశారు. పోపుగారు ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఆసుపత్రి బాల్కనీలోకి వచ్చారు. గొంతు పెగలడం లేదు. ఆ కాస్త ఊపిరితోనే కింద జనంలో పసుపు పూలు పట్టుకున్న ఒకావిడని చూసి మెచ్చుకున్నారు. నాన్నగారు కళ్ళు తుడుచుకుని తన జపమాల నా చేతిలో పెట్టారు.

మా ఊరి నుంచి తణుకు, నిడదవోలు, దేవరపల్లి మీదుగా గౌరీపట్నం యాభై కిలోమీటర్ల పైచిలుకు. రాత్రిళ్ళు నడిచి పగలు ఆగాలని మేం ఆరుగురం అనుకున్నాం. దాళ్వా చేలు పాలు పోసుకుని, కాలవ నిండా నీళ్ళతో మొదటి రాత్రి హాయిగానే గడిచింది. ముడి వచ్చినప్పుడల్లా మాత్రం వేలు ఆగిపోయేది. ఆ తోపులాటలో నాన్నగారిని నెట్టినవాడి మొహం కనపడేది. జపం మధ్యలో వాణ్ణి తిట్టుకుంటూ నడిచాను. అలా ఎన్నిసార్లో.

నిడదవోలు చేరేసరికి కుడికాలి మడమ మీద బొబ్బ పగిలి చెప్పు నెత్తురైంది. మిగతావాళ్ళు నీడ చూసుకుని పడుకున్నారు. నేను మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాను. నొప్పికని అందరూ అనుకుని ఉంటారు.

పక్కన ఒక మామ్మగారు మూట విప్పుతున్నారు. ఆవిడా కొండకే. లంక ఊరు, పడవ దాటి రావాలట. ఏమీ అడగకుండా నా కాలు తన ఒళ్ళోకి తీసుకున్నారు. నేను వెనక్కి లాక్కోబోతే "ఉండమ్మాయ్" అని గట్టిగా పట్టుకున్నారు. సీసాలోంచి ఆముదం వేలి కొసకి తీసి, గాయం చుట్టూతా రాశారు, గాయం మీద కాదు. తన పాత చీర అంచు పళ్ళతో కొరికి చింపి, మడమకి రెండు చుట్లు, పాదం కిందనుంచి ఒక చుట్టు చుట్టి ముడి మడమ మీదికి రాకుండా పక్కకి వేశారు. "ముడి ఒరుసుకునే చోట వేస్తే నడవలేవు" అన్నారు.

అంతే, నోరు తెరుచుకుంది. తాళం సంగతి, తోపులాట సంగతి అంతా చెప్పేశాను. ఆవిడ భర్త ఉపదేశి అట, ఊళ్ళో జపాలు నేర్పి ప్రార్థన నడిపేవాడు, పోయి చాలా ఏళ్ళైంది. 1986 వరదలో వాళ్ళ తాటాకు గుడి గోదాట్లో కొట్టుకుపోయింది. నెలల తరబడి ఫాదర్‌గారు రాలేదు. కట్టడానికి డబ్బులొస్తే, ఎవరి వీధిలో కట్టాలని ఊరు రెండైంది. "మా ఆయన ఏటిగట్టు మీద చెట్టుకి రైలుపట్టా ముక్క వేలాడగట్టి ఆదివారం పొద్దున్నే వాయించేవాడు. మొదట్లో మేమిద్దరమే. నాకు సిగ్గేసేది" అన్నారు.

"గురువులే ఇలా ఉంటే ఎట్లా మామ్మా" అన్నాను.

"మా ఆయన చెప్పేవాడు, పూర్వం ఒకేసారి ముగ్గురు పోపులున్నారంట, ఎవరికి వాళ్ళు నేనే అసలు పోపునని. ఏ ముసల్దో అప్పుడు కూడా మనవడికి పరలోక జపం నేర్పే ఉంటది కదా. లేపోతే నీదాకా ఎలా వచ్చుద్ది?"

ఇంటికొచ్చాక వెతికి చదివాను. నిజమే, 1409లో ముగ్గురయ్యారు. 1417లో మార్టిన్ను పోపుగా ఎన్నుకునేదాకా ఆ గొడవ తెగలేదు. మామ్మగారికి ఆ సంవత్సరాలేవీ తెలీవు.

నిడదవోలు దాటాక పచ్చదనం పల్చబడి మెట్ట మొదలైంది. దేవరపల్లి దగ్గర అర్ధరాత్రి పొగాకు బ్యారన్ల వాసన. ఆ కట్టు ఊడలేదు.

మార్చి 25, మరియమ్మకి దేవదూత వార్త చెప్పిన మంగళవార్త పండుగ. ఆ తెల్లవారుజామున కొండ కింద జనాన్ని చూసి భయమేసింది. మెట్ల మీద కొబ్బరినీళ్ళు కారి జారుతున్నాయి. నలుగురు ఫోటో కోసం ఆగితే వెనకాల నలభై మంది ఆగాలి. చంటిపిల్లల తల్లుల్ని మోచేతుల్తో నెడుతున్నారు. తల్లి దగ్గరికి వచ్చి సాటి తల్లుల్ని తోసేస్తే ఏం పుణ్యం? నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, మళ్ళీ మా ఊరి తోపులాటే గుర్తొచ్చింది. పైకి చేరాక మాతని చూసింది ఎంతసేపని, పది లెక్కపెట్టేంత. చేతులు జోడించానో లేదో కూడా గుర్తులేదు. ఆ మొహం వైపు చూసి "నాన్నగారు ఇంటికొచ్చారమ్మా" అన్నాను. ఎవరో నన్ను ముందుకి నెట్టేశారు.

కిందికొచ్చి, ఫాదర్‌గారికి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వరసలో గంటన్నర నిలబడ్డాను. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్ద వయసు ఫాదర్‌గారు. పూజ మానేశానని, ఫలానా మనిషి చచ్చిపోతే బాగుండనుకున్నానని చెప్పాను. ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఆ మనిషి కోసం ఒక పది మంగళవార్త జపాలు చెప్పమని ప్రాయశ్చిత్తం విధించారు. జపమాలలో ఒక్కో పదికీ ప్రభువు జీవితంలోని ఒక్కో ఘట్టం తలుచుకుంటాం, దాన్నే రహస్యం అంటాం. మంగళవారం దుఃఖ రహస్యాలు కదా, నాలుగోది ప్రభువు సిలువ మోయడం. అదే పది తీసుకున్నాను. తొమ్మిది పూసలయ్యాక పూసలేని చోట ముడిని రెండు వేళ్ళతో పట్టుకుని, వాడి పేరు తలుచుకుని, పదోది చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మామ్మగారు ఆ జనంలో మళ్ళీ కనపడలేదు. పేరు కూడా అడగలేదు నేను.

ఊరొచ్చాక పాత ఇనుము కొట్టులో రైలుపట్టా ముక్క దొరకలేదు, ట్రాక్టరు చక్రం డిస్కు దొరికింది. మా అరుగు మీద వేపచెట్టుకి కట్టాను. పొద్దున పక్కూరు పూజకి ఆటోలో వెళ్ళడం, సాయంత్రం అరుగు మీద జపమాల, ఇదీ వరస. మార్చి 30న నాన్నగారు, నేను, మా చిన్నాడు. ఆ తర్వాతి వారం ఏడుగురం. ఎదురింటి సూర్యకాంతం పిన్ని, ప్రార్థన మందిరానికి వెళ్ళేదే, కుర్చీ తెచ్చుకుని తన గుమ్మంలోనే కూర్చుంది.

నిన్న మ్రానికొమ్మలు పక్కూరి గుడిలో మంత్రించి తెచ్చుకున్నాం. సాయంత్రం నాన్నగారు ఒక మట్ట పట్టుకుని గుడి దాకా నడుస్తానన్నారు. అంత దూరం నడవలేరని అందరం వెనకే వెళ్ళాం. రెండు తాళాలూ అలాగే ఉన్నాయి, తుప్పు పట్టాయి. గేటు ఊచల మధ్య అప్పటికే ఒక కొబ్బరాకు సిలువ దోపి ఉంది. మా పేటవాళ్ళెవరూ పెట్టలేదు. నాన్నగారు దాని పక్కనే తనదీ దోపి, ఆయాసం తీరేదాకా ఊచ పట్టుకుని నిలబడి, మొదటి రహస్యం చెప్పమని నా వైపు చూశారు.