తమ్ముని చెయ్యి మీది పేరు తీసిన ముచ్చట

తమ్మునికి సంబంధాలు చూస్తున్నం. బయోడేటాకు ఫొటో కావాలె. వాడు మంచిగ పడ్డ ఫొటో ఒక్కటే ఉన్నది. అండ్ల పొట్టి చేతుల అంగీ, ముంజేతి మీద ఇంజినీరింగ్ నాటి పిల్ల పేరు పచ్చబొట్టు, పొడుగూత. ఆ పిల్లకు పెండ్లయి ఇద్దరు పిల్లలు గూడ. అమ్మ నన్ను పట్టుకున్నది: "ఫొటోలనన్న తీపియ్యి బిడ్డా."

నల్గొండ గడియారం దిక్కు ఒక స్టూడియోకు పోయిన. పాస్‌పోర్ట్ ఫొటోలకు వచ్చినోళ్లతోని నిండి ఉన్నది. కంప్యూటర్ ముంగటి పిలగాడు ఫొటో పెద్దగ చేసి, పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కొని గట్టిగ చదివిండు. "ఎవరక్కా ఈమె? వదిననా?" బెంచీ మీది ముసలాయన గూడ మెడ సాపి చూసిండు. ఓనర్ లోపలికెల్లి వచ్చి, "పెండ్లి ఫొటోకేనా? ఇసొంటియి మస్తు వస్తయమ్మా" అని నవ్వు. తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

పోనీ పనన్న సక్కగ చేసిండ్రా? బ్లర్ కొట్టి చేతిల పెట్టిండ్రు. వెంట్రుకల్లేవు, గీతల్లేవు, మోచేతి నుంచి మణికట్టు దాక మైనం పూసినట్టు. అక్షరాలు పోయినయి గని నీలం మరక అట్లనే ఉన్నది. పైసలు మాత్రం ముందే గుంజిండ్రు.

ఇంటికొచ్చి ఫొటోషాప్‌ల నేనే కూసున్న. ఫొటోను వాట్సాప్‌ల డాక్యుమెంట్ లెక్క తెప్పిచ్చుకోన్రి, లేకుంటే క్వాలిటీ పోతది. అసలు ఫొటోను ముట్టకుండ కొత్త లేయర్ (ఫొటో మీద పరిచే ఖాళీ పొర) మీద, పక్క చర్మం తెచ్చి కలిపేసే హీలింగ్ బ్రష్ తోని పనిచెయ్యాలె. ఆల్ట్ నొక్కి, పేరుకు ఆనుకొని ఉన్న చర్మమే తీసుకోవాలె. దూరంది తెస్తే చర్మం తీరు కలవదు, మచ్చ లెక్క తేలుతది. వాచీ పట్టీ కాడ హీలింగ్ పెడితే పట్టీ నలుపును చర్మంలకు గుంజుతది, అక్కడ ఉన్నదున్నట్టు అచ్చు దింపే క్లోన్ స్టాంపే దిక్కు. మిగిలిన నీలానికి ఇంకో లేయర్ ఏసి, మోడ్ 'కలర్' పెట్టి, చర్మం రంగు పల్చగ రుద్దిన. అమ్మ అద్దాలు పెట్టుకొని దేవులాడింది, జాగ గూడ దొరకలే. ఆ పిలగానికి చూపియ్యాలె అసలు.

స్టూడియోకు పోయేటోళ్లు ఫైల్ అక్కడ ఇడిచిపెట్టి రాకున్రి, మీ ముంగటనే డిలీట్ చేపియ్యున్రి. నోరు ఆగనోళ్ల కాడ ఫొటో ఆగుతదా?

చూడబోయే పిల్లకు మాత్రం పచ్చబొట్టు సంగతి ముందే చెప్పురా అని తమ్మునితోని అన్న. ఫొటోల పోతే చేతి మీద పోతదా, లేజర్ అంటే ఎన్నో సిట్టింగులు. వాడు ఇంటేనా! చూపులకు ఫుల్ చేతుల అంగీ ఏసుకపోతడట. మే నెలల, నల్గొండ ఎండకు.