6 శాతం చూపిస్తూనే ఆరిపోయే లినక్స్ ల్యాప్‌టాప్

ప్యానెల్‌లో బ్యాటరీ 6 శాతం అని కనిపిస్తుండగానే తెర నల్లబడిపోతుంది. హెచ్చరిక రాదు, హైబర్నేట్ (మెమరీలో ఉన్నదంతా డిస్కుకు రాసి పూర్తిగా ఆగడం) అవ్వదు. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే, సేవ్ చెయ్యని పనంతా పోయి మామూలు బూట్ వస్తుంది. దీనికి ఒక్కటే మందు లేదు, ఎందుకంటే ఈ పని నలుగురి చేతులు మారుతుంది. బ్యాటరీలోని గేజ్ చిప్ లెక్క చెబుతుంది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఆ లెక్కను సిస్ ఫోల్డర్‌లో పెడుతుంది. యూపవర్ అనే డెమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) దాన్ని చదివి, ఇక ఆపెయ్యాలి అని తేలుస్తుంది. సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ ఆ మాట అందుకుని కెర్నల్ చేత హైబర్నేట్ చేయిస్తుంది. ఎవరి చేతిలో జారిందో తెలియకుండా సెట్టింగులు తిప్పుతూ కూర్చుంటే రోజులు గడుస్తాయి తప్ప సమస్య కదలదు.

(కమాండ్లూ ఫైళ్ల పేర్లూ ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఈటీసీ కింద ఉన్న యూపవర్ ఫోల్డర్ పేరులో యూ, పీ రెండూ పెద్దక్షరాలు. చిన్నక్షరాలతో కొత్త ఫోల్డర్ చేసి అందులో రాస్తే దాన్ని ఎవరూ చదవరు.)

ముందు చివరి మెట్టు నుంచి

బ్యాటరీ సంగతి పక్కన పెట్టి, ఛార్జర్ తగిలించి, పనులు సేవ్ చేసుకుని, సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్ అని కొట్టండి. మెషిన్ పూర్తిగా ఆగాలి. పవర్ బటన్ నొక్కితే తెరిచిన కిటికీలన్నీ ఎక్కడివక్కడ తిరిగి రావాలి. మామూలుగానే ఇది జరగకపోతే, యూపవర్ డిఫాల్ట్‌గా చర్య తీసుకునే 2 శాతం దగ్గర జరిగే ప్రశ్నే లేదు.

ఎక్కువ మంది ఆగిపోయేది స్వాప్ దగ్గర, అంటే ర్యామ్‌కు తోడుగా ఉండే, హైబర్నేట్ మెమరీని రాసే చోటు దగ్గర. స్వాప్‌ఆన్ కమాండ్‌కు షో ఆప్షన్ ఇచ్చి చూడండి. ఉబుంటులో ఇన్‌స్టాలర్ పెట్టిన స్వాప్ ఫైల్ తరచూ 2 నుంచి 4 జీబీలే ఉంటుంది. ఫెడోరాలో 33వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా వచ్చేది జీర్యామ్, అంటే ర్యామ్‌లోనే ఒక మూలను కుదించి స్వాప్‌గా వాడటం. కరెంటు పోతే ర్యామ్‌తో పాటే అదీ పోతుంది కాబట్టి హైబర్నేట్‌కు పనికిరాదు. డిస్కు మీద వేరే స్వాప్ ఉండాల్సిందే.

ఎంత ఉండాలన్న దగ్గర ఒక మెలిక ఉంది. హైబర్నేట్ అడగగానే సిస్టమ్‌డీ మెమిన్ఫోలోని (కెర్నల్ మెమరీ లెక్కలుండే ఫైల్) యాక్టివ్ అనాన్ అంకెను, అంటే ప్రోగ్రాములు చురుగ్గా వాడుతున్న మెమరీని, తీసుకుని, ఖాళీ స్వాప్‌లో 98 శాతంతో పోలుస్తుంది. మెమరీ వాడకం ఎక్కువైతే, తగినంత స్వాప్ లేదని చెప్పి వెనక్కి పంపేస్తుంది. అందుకే పొద్దున బ్రౌజర్ తెరవకముందు చేసిన పరీక్ష చక్కగా పాసవుతుంది, రాత్రి 40 ట్యాబులూ ఒక వర్చువల్ మెషిన్ నడుస్తుండగా అదే కమాండ్ తిరగబడుతుంది. బ్యాటరీ అయిపోయేది రెండో సందర్భంలోనే. కెర్నల్, స్వాప్‌కు రాసే మెమరీ నకలును (ఇమేజ్) డిఫాల్ట్‌గా ర్యామ్‌లో ఐదింట రెండు వంతులకు కుదించాలని చూస్తుంది గనక చిన్న స్వాప్ కూడా ఒక్కోసారి సరిపోతుంది. ఆ ఒక్కోసారిని నమ్ముకోవద్దు. 16 జీబీ ర్యామ్ ఉంటే 16 నుంచి 18 జీబీ స్వాప్ పెట్టండి.

స్వాప్ ఫైల్ వాడితే తిరిగి లేచే చిరునామా కూడా చెప్పాలి. గ్రబ్ అనే బూట్‌లోడర్‌లోని కెర్నల్ లైన్‌లో రెజ్యూమ్ అన్న చోట ఆ ఫైల్ ఉన్న పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి. ఎంకేస్వాప్ చూపించే యూయూఐడీ వేరు, దాన్ని ఇక్కడ పెడితే ఇమేజ్ దొరకదు. పక్కనే రెజ్యూమ్ ఆఫ్‌సెట్: ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌లో ఫైల్‌ఫ్రాగ్‌ను వీ ఆప్షన్‌తో నడిపితే, మొదటి వరుసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద కనిపించే మొదటి అంకె. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌లో ఫైల్‌ఫ్రాగ్ చెప్పే అంకె తప్పు. అక్కడ బీటీఆర్ఎఫ్ఎస్ కమాండ్‌లోని ఇన్‌స్పెక్ట్ ఇంటర్నల్ కింద మ్యాప్ స్వాప్‌ఫైల్ వాడాలి. ఆ ఫైల్‌ను విడి సబ్‌వాల్యూమ్‌లో ఉంచండి, స్వాప్ ఆన్‌లో ఉన్న సబ్‌వాల్యూమ్‌కు స్నాప్‌షాట్ తీయనివ్వదు. యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) మెషిన్లలో కొత్త సిస్టమ్‌డీ ఈ చిరునామాను తనే ఫర్మ్‌వేర్ వేరియబుల్‌లో రాసుకుంటుంది, కానీ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) కూడా సిస్టమ్‌డీతో నడిచేదైతేనే అది అక్కరకొస్తుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మాటకొస్తే, డెబియన్, ఉబుంటుల్లో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ టూల్స్ కింది కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో రెజ్యూమ్ ఫైల్ సరిచేసి అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడపాలి. ఫెడోరాలో దాన్ని తయారుచేసే డ్రాకట్‌కు రెజ్యూమ్ మాడ్యూల్ చేర్చాలి. ఆర్చ్‌లో యూడెవ్ (పరికరాలను గుర్తించే భాగం) హుక్ తర్వాత, ఎన్‌క్రిప్షన్ ఉంటే దానికీ తర్వాత, రెజ్యూమ్ హుక్ రావాలి. సిస్టమ్‌డీ హుక్ వాడేవారికి అది అక్కర్లేదు.

స్వాప్ అంతా సరిగ్గా ఉండి కూడా హైబర్నేట్ అన్న మాటే పలకకపోతే సెక్యూర్ బూట్‌ను (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) అనుమానించండి. ఉబుంటు, ఫెడోరా కెర్నళ్లు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే లాక్‌డౌన్‌లోకి వెళ్లి హైబర్నేట్‌ను మూసేస్తాయి, డిస్కు మీద ఉన్న ఇమేజ్‌ను ఎవరైనా మార్చి ఉండవచ్చన్న భయంతో. సిస్ కింద పవర్‌లోని డిస్క్ ఫైల్ చదివితే డిసేబుల్డ్ అని ఒక్క మాటే వస్తుంది. అప్పుడు దారులు రెండు: బయోస్‌లో సెక్యూర్ బూట్ తీసెయ్యడం, లేదా హైబర్నేట్ ఆశ వదులుకుని కాస్త ముందుగానే షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోవడం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే రెండోదే గతి.

2 శాతం ఎందుకు చాలదు

హైబర్నేట్ చేతితో చేస్తే అవుతూ, బ్యాటరీ అయిపోయినప్పుడు మాత్రం అవ్వకపోతే అసలు చిక్కు ఇక్కడే ఉంది. యూపవర్.కాన్ఫ్ తెరిస్తే మూడు అంకెలు ఉంటాయి. ఈ మధ్య వెర్షన్లలో పర్సెంటేజ్‌లో (ఇక్కడ ‘లో’ అంటే తక్కువ) విలువ 20, పర్సెంటేజ్‌క్రిటికల్ 5, పర్సెంటేజ్‌యాక్షన్ 2. మొదటి రెండూ హెచ్చరికలు, మూడోది చర్య. చర్య గీత దాటాక కూడా యూపవర్ 20 సెకన్లు ఆగి, అప్పుడు లాగిన్‌డీని పిలుస్తుంది.

లెక్క వేసి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు 50 వాట్ అవర్ల బ్యాటరీ ఇప్పుడు 30కి దిగిందనుకుందాం. 2 శాతం అంటే 0.6 వాట్ అవర్. ల్యాప్‌టాప్ 12 వాట్లు లాగుతుంటే కాగితం మీద మూడు నిమిషాలు. గేజ్ అంత కచ్చితంగా ఉంటే అదీ చాలును. కానీ అరిగిన సెల్స్‌లో చివరి భాగం మెట్లలా దిగదు, కొండ అంచు నుంచి పడ్డట్టు పడుతుంది. పైగా హైబర్నేట్ తేలికైన పని కాదు. కెర్నల్ మెమరీని కుదిస్తూ డిస్కుకు రాస్తుంది, ప్రాసెసరూ ఎస్‌ఎస్‌డీ రెండూ ఒక్కసారిగా బరువెత్తుతాయి. ఆ లాగుడుకు వోల్టేజ్ కుంగి బ్యాటరీ రక్షణ సర్క్యూట్ సరఫరా కోసేస్తుంది. అంటే బ్యాటరీ అత్యంత నీరసంగా ఉన్న క్షణంలోనే దాని మీద అత్యంత బరువు పెడుతున్నామన్నమాట.

మీ బ్యాటరీ ఎక్కడ కూలుతుందో కొలవడం సులువే. సిస్, క్లాస్, పవర్ సప్లై కింద బ్యాట్0 ఫోల్డర్‌లో ఎనర్జీ ఫుల్, ఎనర్జీ ఫుల్ డిజైన్ అంకెలు పోలిస్తే అరుగుదల తెలుస్తుంది (కొన్ని మెషిన్లలో ఎనర్జీ బదులు ఛార్జ్ అని ఉంటుంది). తర్వాత ముఖ్యమైనవన్నీ మూసి, 30 సెకన్లకోసారి తేదీ, కెపాసిటీ, వోల్టేజ్ నౌ విలువలను ఒక ఫైల్‌కు చేర్చి వెంటనే సింక్ (డిస్కుకు రాయించే కమాండ్) కొట్టే చిన్న లూప్ నడిపి, ఆరిపోయేదాకా వదిలెయ్యండి. సింక్ మరవద్దు. జర్నల్ (సిస్టమ్‌డీ లాగ్) కూడా మామూలు సందేశాలను డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారే డిస్కుకు గట్టిగా దించుతుంది, అందుకే ఇలా చచ్చిన మెషిన్లో జర్నల్ చివరి వరుసలు కనిపించక అంతా తికమకగా ఉంటుంది.

మీ లూప్ రాసిన ఫైల్‌లో చివరి వరుస 6 శాతం అంటే చర్యను 11 లేదా 12 దగ్గర పెట్టండి, క్రిటికల్ 15, లో 25. మూడూ ఈ వరసలోనే దిగాలి. తారుమారైతే యూపవర్ మీవి పక్కనబెట్టి డిఫాల్ట్ అంకెలనే తీసుకుంటుంది. యూజ్‌పర్సెంటేజ్‌ఫర్‌పాలసీ ట్రూగానే ఉంచండి. ఫాల్స్ చేస్తే మిగిలిన నిమిషాల అంచనా మీద నడుస్తుంది, ఆ అంచనా వీడియో పెట్టగానే ఒకలా, ఆపగానే ఒకలా ఊగుతుంది. మార్చాక యూపవర్ సర్వీసును రీస్టార్ట్ చెయ్యాలి.

క్రిటికల్‌పవర్‌యాక్షన్ డిఫాల్ట్ హైబ్రిడ్‌స్లీప్. ఇమేజ్‌ను డిస్కుకు రాసి, ఆపైన ర్యామ్‌ను కూడా మేల్కొల్పి ఉంచుతుంది. అది కుదరకపోతే హైబర్నేట్, అదీ కుదరకపోతే పవర్‌ఆఫ్. హైబర్నేట్ అని రాసినా షట్‌డౌన్ అవుతోంది అనేవాళ్ల సమస్య యూపవర్‌ది కాదు, పైన చెప్పిన స్వాప్‌దో సెక్యూర్ బూట్‌దో. యూపవర్ కమాండ్‌ను డీ ఆప్షన్‌తో నడిపి అడుగున క్రిటికల్ యాక్షన్ వరుస చూస్తే ఏం చెయ్యబోతోందో అదే చెబుతుంది.

బ్యాటరీ ఖాళీ చెయ్యకుండానే ఈ వరస మొత్తం పరీక్షించవచ్చు. ఇప్పుడు 64 శాతం ఉంటే లో 63, క్రిటికల్ 62, యాక్షన్ 60 పెట్టి, సర్వీసు రీస్టార్ట్ చేసి, ఛార్జర్ పీకి వీడియో ఆడించండి. ఇంకో టెర్మినల్లో యూపవర్ మానిటర్ డీటెయిల్ నడుస్తుంటే వార్నింగ్ లెవెల్ మారడం కళ్ల ముందే కనిపిస్తుంది. అయ్యాక అంకెలు వెనక్కి మార్చడం మరిస్తే మర్నాడు 60 దగ్గర నిద్రపోతుంది.

హెచ్చరిక చూపించేది ఎవరు

యూపవర్ తెర మీద ఏమీ చూపించదు. గ్నోమ్‌లో దాని వార్నింగ్ లెవెల్ చూసి డెస్క్‌టాప్ బొమ్మ వేస్తుంది. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈలకు సొంత పవర్ మేనేజర్లు, సొంత శాతాలు ఉన్నాయి. అక్కడ క్రిటికల్ శాతాన్ని యూపవర్ చర్య శాతం కన్నా రెండు మూడు ఎక్కువగా ఉంచితే ఇద్దరూ ఒకేసారి మీద పడరు. స్వే, ఐ3 లాంటి విండో మేనేజర్లు వాడేవారికి అడక్కుండా ఏదీ రాదు, పవర్‌అలర్ట్‌డీ లేదా బ్యాట్‌సిగ్నల్ పెట్టుకోవాలి. కెపాసిటీ 5 లోపు అయితే హైబర్నేట్ అని యూడెవ్ రూల్ రాసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. ప్రతి శాతానికీ ఈవెంట్ పంపే ఫర్మ్‌వేర్ ఉంటేనే అది పనిచేస్తుంది. యూడెవ్‌ఏడీఎం మానిటర్ తెరిచి పది నిమిషాలు చూడండి, ఈవెంట్లు రాకపోతే ఆ రూల్ ఉన్నా లేనట్టే.

సొంత స్క్రిప్టు రాసేవాళ్లు ఒక్క బ్యాటరీనే చదివితే, థింక్‌ప్యాడ్ టీ480 లాంటి రెండు బ్యాటరీల మెషిన్ రెండోది నిండుగా ఉండగానే పడుకోవచ్చు. పోనీ ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చదివితే వైర్‌లెస్ మౌస్ బ్యాటరీ కూడా లెక్కలోకొస్తుంది. స్కోప్ ఫైల్‌లో డివైస్ అని ఉన్నవాటిని వదిలెయ్యాలి.

మూత వేసి ఉన్నప్పుడు

సస్పెండ్‌లో ఉండగా పైన చెప్పినదేదీ పనిచెయ్యదు, యూపవర్ కూడా నిద్రలోనే ఉంటుంది కదా. 30 శాతంతో మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ పొద్దునకి సున్నా అయ్యేది ఇందుకే. ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర) తప్ప డీప్ (గాఢ నిద్ర) లేని కొత్త మెషిన్లలో ఇది మరీ ఎక్కువ. దీనికి సస్పెండ్ దెన్ హైబర్నేట్ ఉంది. లాగిన్‌డీ.కాన్ఫ్‌లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్‌కు ఆ విలువ ఇచ్చి, స్లీప్.కాన్ఫ్‌లో హైబర్నేట్‌డిలేసెక్ 90 నిమిషాలో 2 గంటలో రాయండి. డిలే రాయకపోతే కొత్త సిస్టమ్‌డీ బ్యాటరీ 5 శాతానికి దిగే వరకు ఆగుతుంది, అరిగిన బ్యాటరీకి ఆ 5 ఎంత అపనమ్మకమో ఇప్పటికే చూశాం.

మధ్యలో మెషిన్‌ను లేపేది ఆర్‌టీసీ (మెషిన్ లోపలి గడియారం) అలారం. ఆర్‌టీసీవేక్‌తో మోడ్ మెమ్ అని, 60 సెకన్లు ఇచ్చి ఒకసారి పడుకోబెట్టి చూడండి. నిమిషానికి తనంతట తాను లేవకపోతే, ముఖ్యంగా ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో, కెర్నల్ లైన్‌కు ఆర్‌టీసీ సీమాస్ మాడ్యూల్ ఆప్షన్ యూజ్ ఏసీపీఐ అలారం విలువ 1గా చేర్చి మళ్లీ ప్రయత్నించండి.