ముప్పై ఎనిమిది మందికి రెండు బంతులు

మంగళవారం, రాత్రి పదిన్నర

గోళ్ల సందుల్లో ఇరుక్కున్న సున్నం రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. ఉదయం ఐదున్నరకల్లా మైదానంలో ఉన్నాం. వ్యాయామ ఉపాధ్యాయులయ్యేవాళ్లు చదివే బీపీఈడీలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ట్రాక్ మార్కింగ్. ఈ రోజు మా జట్టు వంతుకు 200 మీటర్ల ట్రాక్ వచ్చింది. మేకు కొట్టి, దానికి తాడు కట్టి, వంపు తిరుగుతూ సున్నం పోసుకుంటూ వచ్చాం. తీరా చూస్తే గీత కలవవలసిన చోట కలవలేదు, జానెడు తేడా. లాగి లాగి తాడు సాగిపోయింది. సారు ఏమీ అనకుండా చీపురు చేతికిచ్చారు. చెరిపేసి ఉక్కు టేపుతో మళ్ళీ మొదలుపెట్టాం.

స్టాగర్ లెక్క, అంటే అందరూ ఒకే దూరం పరుగెత్తేలా బయటి లేన్ల వాళ్లను ముందుకు జరిపే లెక్క, ఎన్నిసార్లు చేసినా నాకు ముచ్చటగానే ఉంటుంది. ఒక పూర్తి రౌండు పరుగుకు రెండో లేన్‌లో నిలబడే అమ్మాయిని ఎంత ముందుకు జరపాలో ట్రాక్ పొడవును బట్టి మారదు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు అయితే, లోపలి అంచున కర్బు, అంటే ఎత్తుగా కట్టిన గట్టు, ఉన్నచోట 7.04 మీటర్లు, మా మైదానంలోలాగా ఉత్త సున్నపు గీత అయితే 7.67. ట్రాక్ 400 మీటర్లదైనా, 200 మీటర్లదైనా అంతే. ఒక లేన్ చుట్టుకొలతలోంచి ఇంకో లేన్‌ది తీసివేస్తే అర్ధవ్యాసం ఎగిరిపోతుంది, వెడల్పు తేడా మాత్రం మిగులుతుంది, దాన్ని రెండు పైలతో గుణిస్తే సరి. గణితం పీరియడ్‌ను ఒక్కరోజు మైదానంలోకి తీసుకొస్తే పిల్లలు పై విలువను జన్మలో మరిచిపోరు. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. మా గేమ్స్ పీరియడే గణితానికి పోతుంది.

పదింటికి థియరీ తరగతి. పాఠం ఫిజికల్ లిటరసీ. పుస్తకంలో దాన్ని శారీరక అక్షరాస్యత అని రాశారు. మేడం మాత్రం ‘ఒంటికి ఓనమాలు’ అన్నారు, నాకు ఆ మాటే నచ్చింది. బ్రిటన్‌కు చెందిన మార్గరెట్ వైట్‌హెడ్ 1993 నుంచి ఈ ఆలోచనను వ్యాయామ విద్యలోకి తెచ్చారు. ఒంటితో పని చేయించే నేర్పు ఒక్కటే చాలదు, చేయాలన్న కోరిక, చేయగలనన్న ధైర్యం, ఎందుకు చేస్తున్నానో తెలియడం కూడా కావాలి, అవి జీవితాంతం నిలవాలి అంటారామె. ఇక్కడ నోట్సు రాసుకోవడం ఆపి ఆలోచనలో పడ్డాను. మా దగ్గర మార్కులు పడేవన్నీ నేర్పుకే. ధైర్యానికి మార్కులు వేసే గడి రికార్డులో ఎక్కడా లేదు.

ఎవరో కోడి రామమూర్తి నాయుడి పేరెత్తారు. వ్యాయామ ఉపాధ్యాయుడు అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఆయనే కదా, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లుడు కూడా మద్రాసు సైదాపేటలో ఏడాది శిక్షణ పొందాకే విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారని మేడం గుర్తు చేశారు. అంత బలం ఉన్నాయన కూడా నేర్పడం నేర్చుకోవడానికి వెళ్లారు. మేమూ ప్రవేశ పరీక్షలో పరుగెత్తి, దూకి, గుండు విసిరి వచ్చినవాళ్లమే. అవన్నీ మాకు చేతనవునని తేల్చిన పరీక్షలు. చేతకాని పిల్లను మాకు అప్పగిస్తే ఏం చేస్తామో ఎవరూ అడగలేదు. దానికి జవాబు ఈ మధ్యాహ్నం తెలిసింది.

మధ్యాహ్నం బోధనాభ్యాసం ఉన్నత పాఠశాలలో. ఎనిమిదో తరగతి, 38 మంది. నా లెసన్ ప్లాన్‌లో రాసుకున్నది వాలీబాల్ ఓవర్‌హ్యాండ్ సర్వీసు, అంటే చేయి తల పైకెత్తి బంతిని వల దాటించి కొట్టడం. హాజరు, వార్మప్, చేసి చూపించడం, గుంపులుగా సాధన, చివర్లో ఒక సరదా ఆట. కాగితం మీద అందంగానే ఉంది. పరిశీలనకు వచ్చిన మేడం రికార్డు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

నేను చూపించాను. బంతి వలకు తగలకుండా అవతలి గీత దగ్గర పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత వాళ్లను రెండు వరసల్లో నిలబెట్టాను. బంతులు రెండే. నలుగురైదుగురు మగపిల్లలు బాగానే కొట్టారు. తక్కినవాళ్ల బంతి వల దాకా కూడా పోలేదు. రెండో వరసలో ఒక అమ్మాయి తన వంతు వచ్చే వేళకు పక్కకు జరిగి, వెనకున్న పిల్లను ముందుకు పంపుతోంది. రెండుసార్లు చూశాను. మూడోసారి దగ్గరకు పిలిచాను.

“టీచర్, నేను స్కోరు రాస్తానండి.”

“స్కోరు తర్వాత రాద్దువుగాని, ముందు ఒక్కసారి కొట్టమ్మా.”

“నవ్వుతారు టీచర్.”

ఆ పిల్ల కళ్లలో నీళ్లు లేవు, గొంతులో బెదురు లేదు. ఎప్పటినుంచో స్థిరపడిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పదమూడేళ్లకే మైదానంలో తన పని పలక పట్టుకోవడమేనని తేల్చుకుంది.

మేడం గట్టు మీద నుంచి లేచి వచ్చారు. “సర్వీసు సంగతి తర్వాత చూద్దాం. వీళ్లకు బంతి విసరడం వచ్చునా రాదా అన్నది చూశావామ్మా?” అన్నారు నెమ్మదిగా. నేను చూడలేదు. నడక వచ్చినట్టే విసరడం కూడా అందరికీ వచ్చే ఉంటుందనుకున్నాను. వలను వదిలేసి గోడ ముందు నిలబెట్టి ఒక్కొక్కరి చేత బంతి విసిరించాను, పాదాలు చూస్తూ లెక్క రాశాను. కుడి చేత్తో విసిరేటప్పుడు ఎడమ కాలు ముందుకు పడాలి. అప్పుడే నడుము తిరుగుతుంది, భుజం వెనక నుంచి ఒంటి బలమంతా బంతిలోకి వస్తుంది. 20 మంది అబ్బాయిల్లో నలుగురు చేయి ఏదో కాలూ అదే ముందుకు వేశారు. 18 మంది అమ్మాయిల్లో 13 మంది.

ఇది ఆడపిల్లల ఒంటి లోపం కాదు. ఈ వయసుకు అబ్బాయి చేతిలోంచి ఎన్ని వేల రాళ్లు, బంతులు, మామిడి కాయలు వెళ్లి ఉంటాయో! ఆ అమ్మాయిల చేతికి ఎన్నిసార్లు ఇచ్చాం? ఒంటికాలి మీద గెంతమంటే వాళ్లలో చాలామంది అబ్బాయిల కంటే నిలకడగా గెంతారు, తొక్కుడు బిళ్ల ఆడినవాళ్లు కాబట్టి. దగ్గరగా చూస్తే ఇంకొకటి కనిపించింది. చున్నీని రెండు భుజాల దగ్గరా పిన్నీసులతో బిగించి ఉన్నారు. చేయి చెవి దాటి పైకి లేవదు. నేను ‘మోచేయి పైకి, మోచేయి పైకి’ అని అరుస్తూనే ఉన్నాను.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఖేలో ఇండియా పరీక్షల్లో 50 మీటర్లు, 600 మీటర్లు పరుగెత్తిస్తాం, కూర్చుని ముందుకు ఎంత వంగగలరో కొలుస్తాం. కొలవాలి, కాదనను. లేన్ల మధ్య దూరం సెంటీమీటర్లతో సహా నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పిల్ల ఏ కాలు ముందుకు వేస్తోందో చూడడానికి మాత్రం ఈ రోజు ఒకరు చెప్పవలసి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో లెక్క వేశాను. పీరియడ్ 40 నిమిషాలు. మైదానంలోకి దిగడం, హాజరు, వార్మప్, చివర్లో మళ్ళీ వరసలు కట్టించడం పోగా 25 మిగులుతాయి. రెండు బంతులు, ఒక్కో వరసలో 19 మంది. విసిరి, ఏరుకుని, తర్వాతి వాళ్లకు ఇవ్వడానికి 20 సెకన్లు అనుకుంటే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు విసుర్లు. అలాంటి పీరియడ్లు వారానికి రెండు. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మేం నిలబెట్టి చూపిస్తున్నది ఎదుటివాళ్ల వీపు. అదే ఇద్దరికొక బంతి ఉండి, పది సెకన్లకొకసారి విసిరితే ఒక్కొక్కరికి 75.

బడిలో ఖోఖో ఆడిన రోజులు గుర్తొచ్చాయి. మా తరగతిలో ఆడపిల్లలం 31 మందిమి. మైదానంలో ఆడేది తొమ్మిది మంది, ఆ తొమ్మిదిలో నేనెప్పుడూ ఉండేదాన్ని. పీఈటీ సారు విజిల్ ఊదగానే మొదట పరుగెత్తేది నేనే. మిగిలిన 22 మంది ఆ గంటసేపు ఎక్కడ కూర్చునేవారో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ మాట్లాడకుండా పెట్టె తెరిచి పాత చీరలు తీసింది. ఒకటి మాత్రం వెనక్కి లాక్కుంది, నా పుట్టువెంట్రుకలు తీసిన రోజు కట్టుకున్నదట. మలుపులోని సైకిల్ దుకాణంలో చిరిగిన ట్యూబులు అడిగి తెచ్చాను. చీర పేలికలను ఉండగా గట్టిగా చుట్టి, ట్యూబును ఉంగరాల్లా కోసి, అడ్డంగా నిలువుగా బిగిస్తే బంతి తయారు. గోడకు తగిలితే పెద్దగా ఎగరదు, ముఖానికి తగిలినా నొప్పి పెట్టదు. భయపడే పిల్లకు ఇదే మేలు.

చున్నీ సంగతి అమ్మకు నేను చెప్పేలోపే తట్టింది. ఎడమ భుజం మీద నుంచి అడ్డంగా తెచ్చి కుడి నడుము దగ్గర ముడి వేసి చూపించింది, నాట్లకు వెళ్లినప్పుడు పమిట ఇలాగే దోపుకునేవాళ్లమంది. కుడి చేయి పూర్తిగా పైకి లేచింది. ఎడమచేతి వాటం పిల్లలకు అటుది ఇటు. అలా కట్టుకోనివ్వమని రేపు ప్రధానోపాధ్యాయురాలిని నేనే అడుగుతాను.

లెసన్ ప్లాన్‌లో ఓవర్‌హ్యాండ్ సర్వీసు కొట్టేసి, ‘బంతి విసరడం, ఎదురు కాలు ముందుకు’ అని రాశాను. ఎనిమిదో తరగతికి ఇదేం పాఠమని రికార్డు దిద్దేవాళ్లు అడిగితే నా దగ్గర ఈ రోజు లెక్క ఉంది. జంటలుగా నిలబెడతాను, వరసలు ఉండవు. స్కోరూ ఉండదు, ఆ పిల్లకు రాయడానికి ఏమీ మిగలనివ్వను.

కావలసిన బంతులు 19. ఇప్పటికి 14 అయ్యాయి, అమ్మ పదిహేనోది చుడుతోంది. పిన్నీసులు వేసుకోవడానికి ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి సంచిలో పెట్టాను.