ఫోల్డర్ జరిపితే పర్మిషన్లు కూడా మూటాముల్లె సర్దుకుని వస్తాయి

విండోస్‌లో షేర్డ్ ఫోల్డర్ ఓపెన్ అవ్వట్లేదు అనగానే ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి చేతులు దులుపుకునే అడ్మిన్లంటే నాకు ఒళ్ళుమంట. ఆ ఒక్క టిక్కుతో జీతాల షీట్ ఆఫీసంతా చదివేస్తుంది.

మొన్న హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోను. "అన్నా, జీఎస్టీ ఫోల్డర్ కనిపిస్తుంది గానీ నొక్కితే యాక్సెస్ డినైడ్ అంటుందన్నా, సార్‌కైతే మంచిగనే ఓపెన్ అయితుంది" అన్నాడు ఆర్టికల్‌షిప్ చేస్తున్న అబ్బాయి.

ముందు షేర్ పర్మిషన్ చూశా, ఎందుకంటే నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్ళకి షేర్‌దీ, ఎన్‌టీఎఫ్‌ఎస్‌దీ (అంటే డిస్క్‌లో ఆ ఫోల్డర్ మీదే ఉండే పర్మిషన్) రెండూ లెక్కలోకొస్తాయి, ఏది గట్టిగా బిగిస్తే అదే చెల్లుతుంది. అక్కడేం తేడా లేదు. స్టాఫ్ గ్రూపులో పేరుంది, లాగాఫ్ అయ్యి మళ్ళీ లాగిన్ కూడా అయ్యాడట (గ్రూపులో కొత్తగా చేర్చాక ఇది చెయ్యకపోతే పాత టోకెన్‌తోనే, అంటే లాగిన్ అయినప్పుడు విండోస్ ఇచ్చిన పాత గ్రూపుల చీటీతోనే తిరుగుతుంటారు, వచ్చే కంప్లైంట్లలో ఇదో పెద్ద బాపతు).

ఇక సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ తెరిస్తే దొంగ దొరికాడు. పార్ట్‌నర్స్ గ్రూపు ఇన్‌హెరిటెడ్ (పై ఫోల్డర్ నుంచి వచ్చింది) అని చూపిస్తోంది, కానీ పైనున్న స్టాఫ్ ఫోల్డర్‌లో అసలా గ్రూపే లేదు! పైన లేనిది కిందికెలా దిగింది? ఎవరో పార్ట్‌నర్స్ ఫోల్డర్‌లోంచి కట్ చేసి ఇక్కడ పేస్ట్ చేశారు. ఒకే డ్రైవ్‌లో జరిపితే మామూలుగా పాత పర్మిషన్లే వెంట వస్తాయి, కాపీ చేస్తే కొత్త చోటివి పడతాయి, వేరే డ్రైవ్‌కి జరిపినా లోపల జరిగేది కాపీ చేసి డిలీట్ చెయ్యడమే కాబట్టి కొత్తవే.

ఐక్యాకల్స్ (icacls, పర్మిషన్లు మార్చే విండోస్ కమాండ్) స్లాష్ సేవ్, స్లాష్ టితో ఉన్న పర్మిషన్లన్నీ ఒక ఫైల్లోకి తీసి పెట్టుకుని, తర్వాత లోపలున్న వాటన్నిటికీ పై ఫోల్డర్ పర్మిషన్లే పడేలా స్లాష్ రీసెట్, స్లాష్ టి కొట్టా. రీసెట్‌తో లోపల విడిగా ఇచ్చినవి కూడా ఎగిరిపోతాయి, అందుకే సార్‌ని ముందే అడిగి, ఆయన ప్రత్యేకంగా లాక్ చేయించుకున్న ఫోల్డర్‌ని మళ్ళీ సెట్ చేసిచ్చా. ఎవరికి చివరికి ఏ హక్కులున్నాయో చూపించే ఎఫెక్టివ్ యాక్సెస్‌లో అబ్బాయి పేరు పెట్టి చూస్తే కావాల్సిన వాటికన్నిటికీ గ్రీన్ టిక్కులే.

"వీళ్ళకి డిలీటే తీసేయొచ్చుగా" అన్నారు సార్. అన్నిటికీ తీసేస్తే ఎక్సెల్ సేవే అవ్వదండీ, అది టెంప్ ఫైల్ రాసి పేరు మార్చుకుంటుంది కదా, దానికి డిలీట్ కావాలి అని చెప్పా. ఫోల్డర్‌ని జరపడానికీ డిలీట్ పర్మిషన్ కావాలి కాబట్టి, మెయిన్ ఫోల్డర్లకి మాత్రం స్టాఫ్ గ్రూపుకి డిలీట్ డినై (వద్దని) పెట్టి, అప్లైస్ టూ దగ్గర దిస్ ఫోల్డర్ ఓన్లీ అని ఇచ్చా. లోపల పని మామూలుగా సాగుతుంది, ఫోల్డర్‌ని మాత్రం లాక్కెళ్ళలేరు.